అరటి పట్టలో వచ్చిన మామిడి

ఆ పీట ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి. వీపు గోడకి ఆనించుకోండి, ఇది రెండు మాటల్లో తేలేది కాదు. నేను చదివింది ఐదో క్లాసు. నోటితో చెప్పడం అలవాటైన మనిషిని, ఇప్పుడు కాగితం మీద చెబుతున్నాను. మీరు చదువుతున్నామనుకోకుండా వింటున్నామనుకోండి.

ఈ మధ్యే కాపురానికొచ్చిన మా కోడలు మొన్న డాబా మీద తొట్టిలో పెడదామని ఒక మామిడి అంటు కొనుక్కొచ్చింది. కడియం దగ్గర మా బావగారి కొడుకు నర్సరీలోనిదే. మొక్క మెడలో రంగుల ట్యాగు వేలాడుతోంది. దాని మీద 'మేనత్త రసం' అని రాసి ఉంది. కోడలు ఫోను గోడకి ఆనించి వీడియో పెట్టుకుంది. అందులో ఒక అమ్మాయి తోటపని మాటలు ఒక్కొక్కటే తీసుకుని అర్థాలు చెబుతోంది.

"అత్తయ్యగారూ, రూట్ స్టాక్ అంటే ఏంటో తెలుసాండి?" అంది కోడలు.

"మేము టెంక మొక్క అనేవాళ్ళం. టెంక పాతితే మొలిచింది. దాని తల తీసేసి, మంచి చెట్టు కొమ్మ దాని మీద కడతారు."

"అదేనండి, ఈవిడ కూడా అదే చెబుతోంది."

ఆ అమ్మాయి చెప్పినవన్నీ సరిగ్గానే ఉన్నాయి. పేర్లే వేరు. నేను వింటూ వింటూ కోడలు తెచ్చిన మొక్క నుంచి ఒక ఆకు తుంచి, వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ ఆకుని అక్కడే తొట్టి అంచు మీద పెట్టేశాను.

"ఎందుకండీ అలా వాసన చూశారు?"

"అలవాటమ్మా" అన్నాను.

ఆ అలవాటు నాది కాదు, ఆకు వాసనతోనే ఏ చెట్టు కొమ్మో చెప్పేసే మా వదినగారిది. ఆవిడ మా వారికి పెద్దక్క. పేరు చెప్పను. ఆ పేరు పెట్టి పిలిచే హక్కున్న ఒక్క మనిషి ఇంట్లోనే ఆవిడ నిలవలేకపోయింది. పుట్టింటికి తిరిగొచ్చాక తమ్ముళ్ళకి అక్కయ్య, పనివాళ్ళకి అమ్మగారు, నాకు వదిన. పేరు అలా వాడక వాడక పోయింది.

ఆవిడ అత్తవారింటి నుంచి వచ్చేసిన రోజు సంగతి మా అత్తగారు చెప్పేవారు. చీరల పెట్టె అక్కడే వదిలేసిందట. చంకలో ఒక్క అరటి పట్ట ఉందట. అరటి చెట్టు మీద నుంచి ఒలిచిన పట్టలో తడిగుడ్డ చుట్టి, ఆ గుడ్డలో మామిడి కొమ్మలు పెట్టుకుని వచ్చింది. దూరం నుంచి కొమ్మలు తేవాలంటే మా ఊళ్ళో ఇప్పటికీ అలాగే తెస్తారు, పచ్చదనం పోకుండా. అత్తవారి పెరట్లో ఒక చెట్టుందట, దాని కొమ్మలు. తల్లి ఎదురొచ్చి ఏడుస్తుంటే, "తరవాత ఏడుద్దువు గానిలే, ముందు ఒక టెంక మొక్క చూడు, కొమ్మ వాడిపోతోంది" అందట. ఎందుకొచ్చేశావని ఎవరడిగినా జీవితమంతా ఒకటే జవాబు. "కొమ్మ పచ్చిగా ఉండగానే వచ్చేశాను." ఆ తరవాత ఎవరూ రెండో ప్రశ్న వేసేవారు కాదు.

తెచ్చిన కొమ్మల్లో ఒక్కటే అతికింది. దాన్ని మా మామగారు ఇంటి వెనక నర్సరీ మొదట్లో నేలలో పెట్టించారు. అది కాపుకొచ్చిన ఏడు, నలుగురూ భోజనాలకి కూర్చున్నప్పుడు ఆయన అన్నారట, "అమ్మాయ్, ఈ చెట్టు నీది. దీని అంటుల మీద వచ్చింది నీ అన్నం. ఈ ఇంట్లో ఎవరి ముందూ చెయ్యి చాపకు" అని. కాగితం ఏమీ లేదు. ఆయన నోటి మాటే.

నేను కాపురానికొచ్చేసరికి ఆ చెట్టు మా పెంకుటింటి కప్పు దాటి ఉంది. ఆవిడ దాని కిందే కూర్చుని అంటులు కట్టేది. బొడ్లో చిన్న కత్తి, పళ్ళ మధ్య ప్లాస్టిక్ కాగితం పేలికలు. అతికిన చోట చుట్టడానికి ఆ పేలికలు కావాలి కదా, రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి నోట్లో పెట్టుకునేది. ఆవిడ నాతో మాట్లాడిన మాటల్లో సగం అలా పళ్ళ సందుల్లోంచి వచ్చినవే. తిట్టిందో దీవించిందో తెలిసేది కాదు. తరవాత తెలిసింది, ఎక్కువగా తిట్టిందేనని.

నా పుట్టిల్లు రామచంద్రపురం పక్క పల్లె. వరి చేలు, కొబ్బరి తోటలు తప్ప మరోటి ఎరగం. మొదటి రోజు నన్ను ఎగాదిగా చూసి, "మీ ఊళ్ళో కొబ్బరికాయ కిందపడితే అదే మొలుస్తుంది. మీకు పనేం తెలుస్తుందే" అంది. నాకు ఉక్రోషం వచ్చింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి పక్కన కూర్చున్నాను. మడిలో ఉన్నవాటిని చూపించి, "ఇవేంటి?" అని అడిగింది.

"మొక్కలండి."

"కాదు. గింజలోంచి విచ్చుకున్న పప్పు ఆకులు రెండూ ఉన్నంతవరకూ మొలక. ఒకదాన్నొకటి తోసుకుంటూ మడిలో ఉన్నంతవరకూ నారు. పీకి విడిగా పెట్టాక, వాడి, మళ్ళీ తలెత్తితే అప్పుడు మొక్క. తలెత్తకపోతే చెత్త."

ఆవిడ చెప్పడం అలాగే ఉండేది. ఒకసారి నేను పెద్ద చెట్టుకి మొదట్లో నీళ్ళు పోస్తుంటే చెంబు లాక్కుంది. "పాదంటే చెట్టు కాళ్ళు కడగడానికి అనుకున్నావా? నీళ్ళు తాగే వేళ్ళు అక్కడ లేవు. నీడ ఎంతవరకూ పడుతోందో చూడు, ఆ అంచున తవ్వు పాదు." మరోసారి నీడలో పెరిగిన మొక్కల్ని తెచ్చి ఒక్కసారిగా ఎండలో పెట్టానని, "అత్తారింటికి పంపేముందు వారం రోజులు ఎండ చూపించాలే. పొద్దుటి ఎండ, తరవాత సాయంకాలపు ఎండ, ఆ తరవాతే నడినెత్తి ఎండ. అలా చెయ్యకుండా పంపితే మాడిపోతుంది, నాకు తెలుసు" అంది. ఆ 'నాకు తెలుసు' అన్నప్పుడు మాత్రం పళ్ళ మధ్య పేలిక తీసి అంది.

అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది రెండు సంగతులు. ఒకటి, అంటు అతికి రెండోసారి చిగురేశాక కట్టు కోసేయాలి. మొక్క లావెక్కుతుంది, ప్లాస్టిక్ కట్టు లావెక్కదు. అది మెడలోకి దిగిపోతుంది. పైకి పచ్చగానే కనిపిస్తుంది, ఏళ్ళ తరవాత ఏ గాలికో అక్కడే విరుగుతుంది. రెండోది, అతుకు కింద నుంచి చిగురొస్తే గిల్లేయాలి. అది టెంక మొక్క చిగురు. బలంగా, నిగనిగలాడుతూ వస్తుంది, చూస్తే గిల్లబుద్ధి కాదు. వదిలేస్తే కట్టిన కొమ్మని చంపి చెట్టంతా తనే అవుతుంది. కాయా దానిదే, పులుపూ పీచూ.

మొక్క కొనడానికి వచ్చినవాళ్ళని ఆవిడ సతాయించేది. "నీళ్ళెవరు పోస్తారు? మీరా, పనిమనిషా?" అని అడిగేది. "పనిమనిషండి" అంటే, "అయితే గన్నేరు తీసుకెళ్ళండి, అది ఎవరూ పట్టించుకోకపోయినా బతుకుతుంది" అని పంపేసేది. మా బావగారికి ఇది మంట. "అక్కయ్యా, బేరాలు చెడగొడుతున్నావు" అనేవారు. "నా చెట్టు బేరం నా ఇష్టంరా పెద్దోడా. నీ గులాబీలు నువ్వమ్ముకో" అనేది.

అన్నానికి కూర్చున్నప్పుడు కూడా చెట్టుకి ఎదురుగా కూర్చునేది. మా తోడికోడలు ఎప్పుడైనా కంచం కాస్త గట్టిగా పెడితే, వదిన ఆమె వంక చూసేది కాదు. చెట్టు వంక చూసి ముద్ద కలుపుకునేది. నాకప్పుడు అర్థమయ్యేది, ఆ ఇంట్లో ఆవిడకి మొగుడూ పిల్లలూ పొలమూ ఏదీ లేదు, ఉన్నదల్లా ఆ ఎదురుగా ఉన్నదేనని.

మామగారు పోయారు. కొన్నేళ్ళకి మా ఊరి వ్యాపారం మారింది. మొక్క పెరిగేదాకా ఆగే ఓపిక లేనివాళ్ళు వచ్చారు. ఇల్లు కట్టుకునేసరికి ముందర చెట్టు కూడా నిలబడి ఉండాలి వాళ్ళకి. క్రేన్లు వచ్చాయి, పొడుగు లారీలు వచ్చాయి. ఎదిగిన చెట్లని మట్టిముద్దతో సహా తవ్వి, గోనె చుట్టి, హైదరాబాదు పంపడం మొదలైంది. మా ఊళ్ళో వేరున్న ప్రతిదీ సరుకే అయిపోయింది.

అప్పుడే పాలకొల్లులో మా పినమామగారి మనవరాలి పెళ్ళి వచ్చింది. మా బావగారు ఒకరోజు పొద్దున్న చెట్టు కిందకి వెళ్ళి, "అక్కయ్యా, ఈ పెళ్ళికి మన ఇంటి తరఫున నువ్వు వెళ్ళాలి. పెద్దదానివి, నువ్వు లేకపోతే ఎలా?" అన్నారు.

మొగుణ్ణి వదిలి వచ్చిన మనిషని ఆవిడని ఎప్పుడూ ఎవరూ పెళ్ళికి పిలవలేదు. పళ్ళ మధ్య పేలిక జారి ఒళ్ళో పడింది. "నేనెందుకురా" అంది కానీ, ఆ సాయంత్రం పెట్టె అడుగు నుంచి పట్టుచీర తీసి ఎండకి ఆరేసింది. మడతల దగ్గర చిరుగులుంటే నేనే కుట్టిపెట్టాను. ఆవిడకి తోడుగా నన్నూ పంపారు. పెళ్ళిలో ఆవిడ ముందు వరసలో కూర్చుంది. అక్షింతలు వేసింది. క్షీరారామంలో దర్శనం చేయించాను. తిరిగొస్తుంటే బస్సులో, "పెద్దోడు మంచివాడేనే. నేనే వాణ్ణి కసురుతుంటాను" అంది.

ఇంటికొచ్చి వెనక తలుపు తీస్తే ఆకాశం కనిపించింది.

గొయ్యి తవ్వి ఉంది, అంతే. పక్కింటావిడ గోడ మీద నుంచి చెప్పింది, మేం వెళ్ళిన మర్నాడే క్రేను వచ్చిందని. కొమ్మలు లారీకి అడ్డమొస్తాయని నరికేసి కాలవగట్టు మీద పోశారని. ఆవిడ గొయ్యి చుట్టూ తిరిగింది. వంగి, తెగిన వేరు కొస ఒకటి పట్టుకుని చూసింది. బావగారు వచ్చి కాస్త దూరంలో నిలబడ్డారు.

"వేరు రంపంతో కోయించావా, గునపంతో చింపించావా?" అని అడిగింది.

"ఆళ్ళకి తొందరండి అక్కయ్యా" అన్నారాయన. ఎన్నడూ లేనిది అక్కకి 'అండి' తగిలించారు. "మంచి చోటికే వెళ్ళింది. పెద్ద లోగిలి. నిన్ను చూసుకోడానికి మేం లేమా?"

"ఒరేయ్, ఒక్క ఏడాది ముందు చెబితే నేనే సిద్ధం చేసి ఇచ్చేదాన్ని కదరా. ఈ పక్క వేళ్ళు కోసి కొన్నాళ్ళు ఆగి, కొత్త పీచువేళ్ళు వచ్చాక ఆ పక్క కోసి. అప్పుడు ఎక్కడ పెట్టినా బతికేది. ఇప్పుడు చంపి అమ్మావు."

ఆవిడ పట్టుచీరతోనే కాలవగట్టు మీదకి నడిచింది. నేనూ వెనకాలే వెళ్ళాను. ఎండలో కొమ్మలు గుట్టగా పడున్నాయి. ఆవిడ ఒక్కొక్క కొమ్మా లాగి, కొస దగ్గర వంచి చూసింది. గోటితో బెరడు గీకి చూసింది, కింద పచ్చ ఉందేమోనని. గీకడం, పడేయడం, మరొకటి లాగడం. ఎక్కడా పచ్చ లేదు. నీళ్ళు పక్కనే ఉన్నాయి. నరికినవాళ్ళు ఒక్క గుప్పెడు కొమ్మలు తడిగుడ్డలో చుట్టి నీడన పడేసినా సరిపోయేది. కొమ్మలు కోసుకునే బతికే ఊరు మాది. ఆ ఊరివాళ్ళు ఆ కొమ్మల్ని చెత్తలో పోశారు. పైగా పందిరి కింద ఉన్న అంటులు ఆ ఏడు అప్పటికే అమ్ముడైపోయాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ముక్కూ మొహం తెలియనివాళ్ళ పెరట్లకి ఇచ్చినవాళ్ళం, మా పెరట్లో ఒక్కటి పెట్టుకోలేదు. అమ్మకానికి కాని మొక్కని నేలలో పెడితే చోటు దండగని మా ఇంటి లెక్క.

ఆ సాయంత్రం ఆవిడ కత్తి తెచ్చి నా వంటింట్లో పెట్టింది. "కూరలు తరుక్కో" అంది.

తరవాత కూడా అన్నం తింది. తినకపోతే కథల్లోలా ఉండేది. గోడవైపు తిరిగి కూర్చుని తినేది. మా తోడికోడలు వడ్డిస్తుంటే, "ఇది ఎవరి అన్నమే?" అని అడిగేది. "అదేం ప్రశ్నండి వదినా" అనేది తోడికోడలు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. చివరికి వడ్డించడానికి ఎవరూ రాక, ఆ పని నాకు వదిలేశారు. నన్ను మాత్రం ఎప్పుడూ అడగలేదు.

చెట్టు వెళ్ళిన చోట చిగురేయలేదని, ఆకంతా రాల్చి నిలబడిందని బావగారే ఒకసారి ఫోన్లో ఎవరితోనో అంటుంటే విన్నాం. ఆవిడ వినీ విననట్టు లోపలికి వెళ్ళిపోయింది.

పోయినేడు మాఘమాసంలో ఆవిడ మంచం పట్టింది. ఒకరోజు కాళ్ళకి నూనె రాస్తుంటే నాకు ఉన్నట్టుండి గుర్తొచ్చింది. నా పెద్దాడు పుట్టాక వాణ్ణీ నన్నూ పుట్టింటి నుంచి దిగబెట్టడానికి వచ్చిన మా తమ్ముడు తిరిగి వెళుతుంటే, ఆవిడ ఒక అంటు తమ్ముడి చేతిలో పెట్టింది. కొత్తగా కట్టింది, ఇంకా కట్టు విప్పే వేళ కాలేదు. "రెండో చిగురు రాగానే కట్టు కోసెయ్యాలబ్బాయ్, మరిచిపోకు" అని వీధి చివరిదాకా వెళ్ళి చెప్పింది. "ఆయ్, అలాగేనండి" అన్నాడు వాడు.

"వదినా, మా తమ్ముడి పెరట్లో మీ మామిడి ఉందండి" అన్నాను.

ఆవిడ లేచి కూర్చుంది. ఆ ఇంట్లో ఎవరినీ ఏదీ అడగని మనిషి, నా చెయ్యి పట్టుకుని, "కొమ్మలు తెస్తావా?" అంది. ఆ రాత్రే నా దగ్గర కత్తి తీసుకుంది. పొద్దున్న చూస్తే సానరాయి తడిగా ఉంది. పనివాళ్ళ చేత మంచం పక్కన వరసగా టెంక మొక్కలు పెట్టించుకుంది. అరటి పట్ట తనే ఏరి, గుడ్డ తడిపి, నా సంచిలో పెట్టింది. "కొస మొగ్గ ఉబ్బినవి చూసి కొయ్యి. ఆకు తుంచెయ్యి, తొడిమ ఉంచు" అని గుమ్మం దాకా చెబుతూనే ఉంది.

మండపేట మీదుగా వెళ్ళాను. మా తమ్ముడి పెరట్లో చెట్టు నిజంగానే ఉంది. ఇల్లంత చెట్టు, నిండా పిందెలు. నాకు కళ్ళు నిండాయి. వాడు గర్వంగా మొదలు మీద చెయ్యేసి, "చూశావా అక్కా, పీచు పట్టినా భలే కాపు. చిన్నప్పుడొక గాలివానకి ఇదిగో, ఈ మెడ దగ్గర విరిగిపోయింది. పోయిందే అనుకున్నాం. కింద నుంచి ఎంత బలంగా చిగురేసిందో, చూస్తుండగానే ఇంతయింది" అన్నాడు.

నేను వంగి చూశాను. పాత మోడు ఎండి ఉంది. దాని చుట్టూ బెరడులోకి దిగిపోయిన ప్లాస్టిక్ అంచు ఇంకా కనిపిస్తోంది.

వాణ్ణి ఏమంటాను? వరి కోసేవాడికి ఆ మాట ఎన్నాళ్ళు గుర్తుంటుంది. తడిగుడ్డ సంచిలోనే ఉంది. ఖాళీగా వెళ్ళలేక ఒక్క కొమ్మ కోసి, ఆకులు తుంచకుండానే అందులో చుట్టాను.

ఆవిడ గుమ్మం వైపే చూస్తోంది. పట్ట విప్పి, కొమ్మ మీద ఆకు తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్ళీ ఒకసారి నలిపి చూసింది.

"మీ తమ్ముడు కట్టు విప్పలేదు కదే" అంది, నేనింకా నోరు విప్పకముందే.

"లేదు వదినా."

"కాస్తోందా?"

"నిండా కాసిందండి."

"చెట్టు కొట్టెయ్యొద్దని చెప్పు. పచ్చడికి పనికొస్తాయి." కత్తి తుడిచి నా చేతికిచ్చింది. "ఆ టెంక మొక్కల్ని బయట పెట్టించు. ఇక్కడ గాలాడక చచ్చిపోతాయి."

ఆషాఢం రాకముందే వెళ్ళిపోయింది. కాష్ఠానికి మామిడి కట్టెలు కావాలంటే బయట నుంచి కొనుక్కొచ్చారు.

ఇప్పుడు మా బావగారి కొడుకు ఆఫీసు గదిలో ఆవిడ ఫోటో పెద్దది కట్టించి పెట్టాడు. వచ్చినవాళ్ళకి చెబుతాడట, మా మేనత్త అరటి పట్టలో తెచ్చిన కొమ్మండీ, ఆవిడ చేతి చెట్టండీ అని. ఆ కథ వినే మా కోడలు ఈ మొక్క కొన్నది. ఆకు నలిపి చూశాను కదా, ఎక్కడి కొమ్మో నాకు తెలియదు. ఆవిడది కాదు.

నిన్న పొద్దున్న డాబా ఎక్కాను. ఆ మొక్క రెండో చిగురేసింది. కట్టు ఇంకా మెడకే ఉంది, అమ్మినవాడు విప్పలేదు. దాని తప్పేముంది పాపం. కిందకెళ్ళి కూరల కత్తి తెచ్చి, కట్టు కోసేశాను. ట్యాగు కూడా కోసి పడేశాను.

ఇంత కథా విన్నారు, వట్టి చేతులతో పంపను. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట చెట్టు నాటిన చెయ్యి దాని కాయ తినాలి. మీ ఆడపడుచులు ఏ గుమ్మంలో కూర్చుని ముద్ద కలుపుకున్నా, ఎదురుగా అమ్మకానికి లేని నీడ ఒకటి ఉండాలి.